ఎజైల్ మంచిదా కాదా అనే ముందు, రెండు వారాలకోసారి చూసేదెవరో చెప్పండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. విజయనగరంలో ఆరుగురి టీమ్. మందుల హోల్‌సేల్ షాపులకి బిల్లింగ్, స్టాకు సాఫ్ట్‌వేర్ చేస్తున్నారు. ఇన్నాళ్లూ ముందు అంతా కాగితం మీద రాసుకుని, తర్వాత కోడ్ చేసి, చివర్లో టెస్టింగ్ చేసి ఇచ్చేవారు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన మేనేజరు గారు వచ్చే నెల నుంచి స్క్రమ్ అంటున్నారు. (పనిని ముక్కలు చేసి, సాధారణంగా రెండు వారాలకోసారి తయారైంది చూపిస్తూ వెళ్లేది ఎజైల్. స్క్రమ్ అందులో ఒక పద్ధతి.) కాంట్రాక్టు మాత్రం మొత్తానికి ఒకే రేటు, ఒకే తేదీ. షాపు ఓనరేమో "అంతా అయ్యాక చూపించండి, మధ్యలో నాకు తీరిక ఉండదు" అన్నారు. ఎజైల్‌తో లాభమా, నష్టమా అని అడిగారు.

నేను ఈ పనిలోకి వచ్చి 20 ఏళ్లు దాటింది. మొదటి పన్నెండేళ్లు హైదరాబాద్‌లో, తర్వాత ఇక్కడే కంటోన్మెంట్‌లో ఇంటి పైగదిలోంచి. ఎజైల్ వల్ల నిలబడిన ప్రాజెక్టులు చూశాను, ఎజైల్ పేరు పెట్టుకుని మునిగినవీ చూశాను. ఎక్కడ చూసినా తేడా ఒక్కచోటే వచ్చింది. తయారైన ముక్కని ఎదురుగా కూర్చుని వాడి చూసే మనిషి ఉన్నాడా, లేడా అన్నదే. ఉంటే ఈ పద్ధతికి పెట్టే ఖర్చు తిరిగొస్తుంది. లేకపోతే మీటింగులు మిగులుతాయి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. మీరు ఇన్నాళ్లూ చేసిన దశలవారీ పద్ధతిని వాటర్‌ఫాల్ అంటారు. వాటర్‌ఫాల్ అంటే పాతకాలం మూర్ఖత్వం, ఎజైల్ అంటే తెలివి అని ట్రైనింగుల్లో చెబుతారు. దశలవారీ బొమ్మను 1970లో తన పేపర్లో వేసిన విన్‌స్టన్ రాయిస్, అదే పేపర్లో ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు నడపడం ప్రమాదమని రాశాడు. వాటర్‌ఫాల్ అన్న మాట ఆయన వాడలేదు కూడా. ఆయన హెచ్చరిక ఎవరూ చదవలేదు, బొమ్మ మాత్రం అందరూ తీసుకున్నారు. ఎజైల్‌కీ సరిగ్గా అదే జరిగింది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో స్నోబర్డ్ అనే మంచుకొండల రిసార్టులో 17 మంది కూర్చుని ఒక పేజీ మ్యానిఫెస్టో రాశారు. పద్ధతుల కంటే మనుషులు, పత్రాల కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్, కాంట్రాక్టు బేరాల కంటే క్లయింట్‌తో కలిసి పనిచేయడం, ప్లాన్ కంటే మార్పుకి తగ్గట్టు నడవడం అని నాలుగు పోలికలు. చివర్లో ఇంకో వాక్యం ఉంది: రెండో వైపు ఉన్నవాటికీ విలువ ఉంది, మొదటి వైపు వాటికి ఇంకాస్త ఎక్కువ విలువ ఇస్తున్నాం, అంతే అని. చాలామంది ఆ వాక్యం దాకా చదవరు. అందుకే "మాది ఎజైల్ అండి, డాక్యుమెంట్లు ఉండవు" అని ధీమాగా చెప్పేవాళ్లు తయారయ్యారు.

ఇక అసలు విషయం. 2018లో పలాసలో ఒక జీడిపప్పు యూనిట్‌కి స్టాకు, కూలీల లెక్కల సాఫ్ట్‌వేర్ చేశాం. మేం నలుగురం. రెండు వారాలకోసారి విజయనగరంలో పొద్దున్నే రైలెక్కి పలాస వెళ్లి, అయినంతవరకు చూపించి, సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లం. మొదటి డెమోకి జీడి పిక్కలు కొన్నప్పుడు రాసే స్క్రీన్ ఒక్కటే తీసుకెళ్లాం. రైతు పేరు, బస్తాలు, బస్తాకి 80 కిలోలు, రేటు, మొత్తం. ఓనరు చూసి బావుంది అన్నారు. పక్కనే నిలబడ్డ గుమస్తా మాత్రం కళ్లజోడు సర్దుకుని, "ఏటి బాబూ, కొన్నప్పటి తూకమేనా? ఎండబెట్టినాక మళ్లీ తూస్తాం కదా, ఆ తరుగు ఎక్కడ రాయాలి?" అన్నాడు.

మా దగ్గర అలాంటి గడే లేదు. పిక్కలు కొన్నాక ఎండలో ఆరబోస్తారు, తేమ పోయి బరువు తగ్గుతుంది, ఆ తగ్గిన బరువుతోనే గోడౌన్ లెక్క మొదలవుతుంది. అంతకుముందు ఓనరుతో మూడుసార్లు మాట్లాడాం, నోట్సు రాసుకున్నాం, ఆయన సంతకం కూడా పెట్టారు. తరుగు మాట ఎక్కడా రాలేదు. ఆయన దాచలేదు, రోజూ కళ్లెదుట జరిగేది కాబట్టి చెప్పాల్సిన విషయమని తట్టలేదు. స్క్రీన్ మీద చూశాకే గుమస్తాకి ఆ ఖాళీ కనబడింది. అప్పటికి రాసింది రెండు వారాల కోడే. ఒకటిన్నర రోజులో సర్దేశాం. అదే పాత పద్ధతిలో ఆరు నెలల తర్వాత తెలిసి ఉంటే స్టాకు టేబుల్, గోడౌన్ రిపోర్టు, లాభనష్టాల లెక్క మొత్తం విప్పాల్సి వచ్చేది. గోరుతో పోయేది గొడ్డలి దాకా రాకుండా ఆగింది. ఎజైల్‌కి ఉన్న లాభాల్లో నాకు అన్నిటికంటే నమ్మకమున్నది ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

రెండోది కూడా ఆ ప్రాజెక్టులోనే చూశాను. అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో జీడి తోటలు, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. కొన్నాళ్లకి ఓనరు ఫోన్ చేసి, వచ్చే సీజన్‌కి ఊరి పిక్క పెద్దగా రాదు, బయటి నుంచి తెప్పించుకోవాలి, ఏ లాటులో ఎంత పప్పు దిగిందో లెక్క తెలిస్తే చాలు, రైతుల ఖాతాల సంగతి తర్వాత చూద్దాం అన్నారు. మా బ్యాక్‌లాగ్‌లో, అంటే చేయాల్సిన పనుల జాబితాలో, రైతుల ఖాతాలు పైన ఉన్నాయి, లాటుల లెక్క ఎక్కడో అడుగున ఉంది. ఒక సాయంత్రం కూర్చుని వరస మార్చేశాం. పారేసిన కోడ్ ఏమీ లేదు, ఎందుకంటే ఇంకా రాయలేదు కాబట్టి. ముందే రైతుల ఖాతాలు రాసేసి ఉంటే ఆ నెలన్నర పని వంశధారలో కలిపినట్టే.

ఇంతవరకు చదివితే నేను ఎజైల్‌కి ప్రచారం చేస్తున్నట్టుంది. అదే ప్రాజెక్టులో దెబ్బ తిన్న కథ కూడా చెబుతాను. తప్పు పూర్తిగా మాదే.

పప్పు మీది పొర తీసే ఆడవాళ్లకి కిలోకి ఇంత అని కూలి. "ఇప్పుడు అవసరమైంది మాత్రమే రాయాలి, రేపటి ఊహలకి కోడ్ రాయకూడదు" అని ఎజైల్ వాళ్ల మంత్రం ఒకటుంది కదా, అది పట్టుకుని కిలో రేటుని ఒకే ఒక్క గడిలో పెట్టాం. రేటు ఏ తేదీ నుంచి అన్నది నమోదు చేయలేదు. ఆ రోజుకి ఒక్కటే రేటు, కాబట్టి పనిచేసింది, డెమోలో అందరూ తలూపారు. నాలుగు నెలల తర్వాత కూలి పెరిగింది. గుమస్తా గడిలో కొత్త రేటు కొట్టాడు. అంతే, పాత వారాల చీటీలు మళ్లీ ప్రింట్ తీస్తే అన్నీ కొత్త రేటుతో వచ్చాయి. ఇచ్చిన డబ్బు ఒకటి, చీటీలో ఇంకొకటి. ఒక శనివారం కూలి ఇచ్చే వేళకి యాభై మంది గేటు దగ్గర నిలబడి "మాకు బాకీ ఉన్నారు" అంటుంటే ఓనరు నాకు ఫోన్ చేశారు. ఆ ఫోన్ నేను మర్చిపోలేను. పాత డేటా సరిచేయడానికి పది రోజులు పట్టింది. గుమస్తా చేత్తో రాసిన పుస్తకం ఉండబట్టి గట్టెక్కాం.

ముక్కలు ముక్కలుగా చేసే పద్ధతిలో అసలు ప్రమాదం ఇదే. స్క్రీన్‌ని ముక్కలుగా కట్టొచ్చు, డేటా పునాదిని ముక్కలుగా కడితే గోడ లేచాక పగులు కనబడుతుంది. మీ మందుల బిల్లింగ్‌కి ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. 2025 సెప్టెంబరు 22న చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. సెప్టెంబరు 20న అమ్మిన సరుకు 25న వాపసు వస్తే ఏ రేటు వేయాలి? పన్ను రేటుకి తేదీ లేకపోతే మీ సాఫ్ట్‌వేర్ ఆ రోజు చేతులెత్తేస్తుంది. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ, వాపసు, పన్ను రేటు, ఎమ్మార్పీ మార్పు, ఇవి క్లయింట్ డెమోలో చూసి కనిపెట్టాల్సినవి కావు. ఇవి తెలిసినవే. వీటికి మొదటి వారమే తెల్లబోర్డు ముందు కూర్చుని టేబుళ్లు గీసుకోవాలి. ఎవరైనా అది వాటర్‌ఫాల్ అని వెక్కిరిస్తే వెక్కిరించనివ్వండి.

ఇంకో ఖర్చు ఎవరూ ముందు చెప్పరు, అది టెస్టింగ్. రెండు వారాలకోసారి రిలీజ్ అంటే రెండు వారాలకోసారి పాతదంతా మళ్లీ పరీక్షించాలి. మొదటి స్ప్రింట్‌లో (రెండు వారాల ఒక విడతని స్ప్రింట్ అంటారు) పది స్క్రీన్లు చూస్తే చాలు. ఎనిమిదో స్ప్రింట్‌కి ఎనభై. మా టెస్టర్ అమ్మాయి ఒక దశలో వారంలో నాలుగు రోజులు పాతవే చేత్తో నొక్కుతూ కూర్చునేది. కొత్తది చూడ్డానికి ఒక్క రోజు మిగిలేది. చివరికి బగ్గులు క్లయింట్ దగ్గరే బయటపడేవి. పాతవాటిని కోడే పరీక్షించే ఏర్పాటు లేకుండా చిన్న చిన్న రిలీజులు చేయడం నిచ్చెన లేకుండా అటక ఎక్కడమే. మీరు కనీసం ఒక నలభై నమూనా బిల్లులు తయారు చేసుకోండి: డిస్కౌంట్ ఉన్నవి, వాపసు ఉన్నవి, రెండు పన్ను రేట్లు కలిసినవి. ప్రతి మార్పు తర్వాత అవి ఆటోమేటిగ్గా నడిచి, మొత్తాలు పైసాతో సహా సరిపోయాయో లేదో చెప్పాలి. ఇది చేయకపోతే స్క్రమ్ జోలికి పోవద్దని నా ఖచ్చితమైన అభిప్రాయం.

ఇక మీటింగులు. హైదరాబాద్‌లో నేను పనిచేసిన ఒక కంపెనీలో స్టాండప్ అనే రోజువారీ మీటింగు 45 నిమిషాలు. పదహారు మంది. ఒక్కొక్కరు నిన్న ఏం చేశారో మేనేజరుకి అప్పజెప్పడం, ఆయన ఎక్సెల్‌లో టిక్కు పెట్టుకోవడం. బడిలో హాజరు పిలిచినట్టే. స్క్రమ్ గైడ్ చూస్తే రోజువారీ మీటింగుకి 15 నిమిషాలు, టీమ్ సాధారణంగా పదిమంది లేక అంతకంటే తక్కువ అని ఉంటుంది. ఆ గైడ్ 15 పేజీలు కూడా ఉండదు, ఉచితం. మీ మేనేజరు గారి చేత ఒకసారి చదివించండి, మీరూ చదవండి. సర్టిఫికెట్ కోసం వేలు పోయాల్సిన పనిలేదు. ఉద్యోగం మారడానికి కావాలంటే అది వేరే సంగతి.

స్టాండప్ వల్ల మంచి లేదని కాదు. కొత్తగా కాలేజీ నుంచి వచ్చిన కుర్రాళ్లు ఇరుక్కుపోతే అడగడానికి మొహమాటపడతారు, మూడు రోజులు స్క్రీన్ వైపు చూస్తూ కూర్చుంటారు. రోజూ ఒకసారి నోరు విప్పే చోటు ఉంటే ఆ మూడు రోజులు ఒక రోజవుతుంది. కానీ అక్కడ మేనేజరు భయం ఉంటే "అయిపోవచ్చిందండి" అన్న ఒక్క మాటే వినిపిస్తుంది, రోజూ. మా దగ్గర ఒకడు పదకొండు రోజులు అయిపోవచ్చిందన్నాడు.

అమెరికా క్లయింట్లకి ఇక్కడి నుంచి పనిచేసేవాళ్లకి ఇంకో బాధ. వాళ్లకి మధ్యాహ్నం, మనకి రాత్రి తొమ్మిదిన్నర. రోజూ. పిల్లలు నిద్రపోయే వేళకి నాన్న "నో బ్లాకర్స్" (పనికి అడ్డేమీ లేదు) అంటుంటాడు. దానికి మేం కనుక్కున్న మందు, వారంలో రెండు రోజులే కాల్, మిగతా మూడు రోజులు నాలుగు లైన్లు రాసి పెట్టడం. ఏమీ నష్టం రాలేదు.

స్టోరీ పాయింట్ల గురించి అడగలేదు గానీ మీ మేనేజరు తప్పకుండా తెస్తారు కాబట్టి చెబుతున్నాను. పని ఎంత పెద్దదో టీమ్ తనలో తాను అంచనా వేసుకోవడానికి పాయింట్లు పనికొస్తాయి. పై వాళ్ల చేతికి వెళ్లిన రోజు నుంచి అవి మార్కులైపోతాయి. పైన చెప్పిన కంపెనీలోనే ఒకసారి రివ్యూలో "పక్క టీమ్ 60 చేసింది, మీరు 34 ఏంటి" అన్నారు. మరుసటి స్ప్రింట్ నుంచి మా దగ్గర 3 అన్నది 5 అయింది, 5 అన్నది 8 అయింది. రెండు నెలల్లో మేమూ 60 దాటాం, చేసిన పని అంతే. అందరికీ అభినందనల మెయిల్ వచ్చింది. ఆ మ్యానిఫెస్టో రాసిన 17 మందిలో ఒకరైన రాన్ జెఫ్రీస్, పాయింట్లు బహుశా తానే కనిపెట్టి ఉంటానని, అలా అయితే ఇప్పుడు అందుకు విచారిస్తున్నానని రాశారు. స్క్రమ్ గైడ్‌లో స్టోరీ పాయింట్ అన్న మాటే లేదు. (మన ఊళ్లో పని లెక్కలకి ఇంకో మాట: దసరా తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను. ఆ వారం ఎవరు ఎన్ని పాయింట్లు ఒప్పుకున్నా నమ్మకండి. ఒకసారి ఆ వారం వెలాసిటీ, అంటే పూర్తయిన పాయింట్ల లెక్క, ఎందుకు తగ్గిందని నన్ను రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు.)

డాక్యుమెంట్ల విషయం ఒక్క ముక్కలో: రౌండింగ్ ఎలా చేస్తున్నామన్నది మా టీమ్‌లో ఒక్కడి బుర్రలోనే ఉండేది, వాడు బెంగళూరు వెళ్లిపోయాడు, మాకు రెండు వారాలు పోయాయి. వంద పేజీలు వద్దు. ఈ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం అని నిర్ణయానికి ఐదు లైన్లు రాసి కోడ్ పక్కనే పెట్టండి.

ఇప్పుడు మీ అసలు చిక్కు, కాంట్రాక్టు. ఒకే రేటు, ఒకే తేదీ, ఇంత పని అని మూడూ కట్టేసి, లోపల ఎజైల్ నడిపితే రెండు వైపులా దెబ్బే. ప్రతి డెమోలో షాపువాళ్లు కొత్తది అడుగుతారు. అది సహజం, చూశాకే కదా తెలిసేది. మీరు మార్పుకి స్వాగతం అంటారు. డబ్బు మాత్రం పెరగదు. చివరి నెల రాత్రులు మీవి. నేను రెండుసార్లు ఇలా నష్టపోయాక కాంట్రాక్టులో ఒక పేరా పెట్టడం మొదలుపెట్టాను. రేటు, తేదీ మారవు. కొత్తది ఏదైనా అడిగితే అంతే రోజుల పని ఉన్న పాతది ఒకటి జాబితాలోంచి తీసేయాలి, ఏది తీయాలో క్లయింటే చెప్పాలి. మామూలు భాషలో రాయండి, స్ప్రింట్, బ్యాక్‌లాగ్ లాంటి మాటలు వద్దు. వ్యాపారస్తులకి ఇది చప్పున అర్థమవుతుంది, సరుకు వాపసిచ్చి వేరే సరుకు తీసుకోవడం వాళ్లకి రోజూ ఉండేదే. దీనికి ఒప్పుకోకపోతే పాత పద్ధతిలోనే చేయండి. రాసుకున్నది, సంతకం, కోడ్, అప్పగింత. సిగ్గుపడాల్సిందేమీ లేదు. మందుల బిల్లింగ్ ఎవరూ చూడని కొత్త వస్తువు కాదు, నియమాల్లో చాలా భాగం ముందే తెలుసు. ఏం కావాలో ముందే తెలిసిన పనికి దశలవారీ పద్ధతి చౌక. ఏం కావాలో ఎవరికీ సరిగ్గా తెలియని పనికే ఎజైల్ ఖర్చు గిట్టుబాటు అవుతుంది.

మీ చోట నేనుంటే పూర్తి స్క్రమ్ పెట్టను. ఆరుగురికి స్క్రమ్ సరిగ్గా నడిచేలా చూసే స్క్రమ్ మాస్టర్ అని ఒకరిని విడిగా కూర్చోబెట్టడం దండగ. గోడకి ఒక బోర్డు: చేయాల్సినవి, చేస్తున్నవి, పరీక్షలో ఉన్నవి, అయినవి. చేస్తున్నవాటిలో ఒకేసారి నాలుగుకి మించి చీటీలు ఉండకూడదు. టయోటా కార్ల ఫ్యాక్టరీల నుంచి వచ్చిన కాన్బాన్ పద్ధతిలో నాకు నచ్చింది ఈ హద్దే. కొత్తది మొదలుపెట్టాలంటే ఒకటి పూర్తి చేసి రావాలి. పది నిమిషాలు ఆ బోర్డు ముందు నిలబడితే అదే స్టాండప్. నెలకోసారి గంటసేపు ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని మాట్లాడుకోండి, అందులో తేలిన ఒక్క విషయమైనా తర్వాతి నెల నిజంగా మార్చండి. మార్చకుండా మాట్లాడుకోవడం రెండు మూడు నెలలు జరిగితే మనుషులు నోరు మూసుకుంటారు, ఆ మీటింగు తీసేయడమే నయం. డేటా టేబుళ్లు పైన చెప్పినట్టు మొదటి వారమే గీయాలి. రెండు వారాలకోసారి డెమో మాత్రం వదలకండి. మేనేజరు గారికి ఇది స్క్రమ్ కాదనిపిస్తే పేరు ఆయననే పెట్టుకోమనండి.

డెమో ఎవరికి అన్నదే మిగిలింది. ఓనరుకి తీరిక లేదన్నారు కదా. నిజానికి ఆయన మీకు అంతగా అక్కర్లేదు. పొద్దున్నుంచి కౌంటర్లో కూర్చుని బిల్లులు కొట్టేది వేరే మనిషి. ఓనరు దగ్గర ఆ మనిషి గంట సమయం అడగండి, రెండు వారాలకి ఒక్క గంట. రిటైల్ షాపుల ఆర్డర్లు తగ్గి కౌంటర్ ఖాళీగా ఉండే వేళ ఎప్పుడో కనుక్కుని అప్పుడే వెళ్లండి. మీ ల్యాప్‌టాప్ తీసుకెళ్లకండి, అతను రోజూ వాడే కంప్యూటర్లోనే పెట్టండి, ఆ రోజు నిజంగా వచ్చిన ఇన్వాయిస్ ఇచ్చి ఎంట్రీ చేయమనండి. ఎక్కడైనా ఆగిపోతే వెంటనే చెప్పేయాలనిపిస్తుంది. చెప్పకండి. అతను ఎక్కడ ఆగాడో రాసుకోండి. మౌస్ మాత్రం మీ చేతిలోకి తీసుకోవద్దు.